పరీక్షకు నిలిచిన జీవితం: విట్బీ మఠాధ్యక్షురాలు హిల్డా

ఇంగ్లండ్ ఈశాన్య తీరాన, ఉత్తర సముద్రానికి ఎదురుగా నిలిచిన కొండ మీద 657లో ఒక క్రైస్తవ మఠం వెలసింది. ఆనాడు ఆ చోటును స్ట్రెయోనెషాల్క్ అనేవారు. నేడు ఆ ఊరి పేరు విట్బీ. మఠాన్ని స్థాపించినది నార్తంబ్రియా రాజవంశానికి చెందిన హిల్డా. సన్యసించిన స్త్రీలూ పురుషులూ వేర్వేరు నివాసాల్లో ఉంటూ ఒకే నియమావళిని పాటించిన ఆ మఠానికి ఆమె ఇరవై మూడేళ్లు అధ్యక్షురాలిగా ఉన్నారు. కతోలిక సంఘం ఆమెను పునీతగా గౌరవిస్తోంది.

ఆమె రాసిన పంక్తి ఒక్కటీ మిగలలేదు. ఆమె జీవితం గురించి మనకు తెలిసినదంతా దాదాపుగా ఒకే గ్రంథం నుంచి వచ్చింది. జారో మఠవాసి బీడ్ 731లో పూర్తిచేసిన ఆంగ్లజాతి క్రైస్తవ సంఘ చరిత్ర అది. హిల్డా కన్నుమూసేనాటికి బీడ్ సుమారు ఏడేళ్ల బాలుడు. ఇలా ఒక్క సాక్షి మాట మీద నిలిచిన జీవితకథను గుడ్డిగా నమ్మకూడదు, చులకనగా తోసిపుచ్చనూ కూడదు. దానితో సంబంధం లేని ఇతర సాక్ష్యాలతో సరిచూడాలి. ఆకాశం, మట్టి, రాయి అటువంటి సాక్ష్యాలను అందించాయి. విశేషమేమంటే, ఒక విషయాన్ని నలుగురిలో పెట్టి పరీక్షించే పద్ధతి హిల్డా మఠంలోనే కనిపిస్తుంది. విశ్వాసమే ఊపిరిగా బతికిన ఆ స్త్రీ పరీక్షకు ఎన్నడూ వెనుకాడలేదు. అందుకే నేటి పరీక్షలు కూడా ఆమె స్థానాన్ని తగ్గించలేకపోయాయి.

రాజవంశం నుంచి మఠానికి

హిల్డా 614లో పుట్టారు. తండ్రి హెరెరిక్, తల్లి బ్రెగుస్విత్. నార్తంబ్రియా రాజు ఎడ్విన్‌కు ఆమె మనుమరాలి వరస అవుతారు. ఆమె పసితనంలోనే, పరాయి రాజు కొలువులో తలదాచుకుంటున్న తండ్రి విషప్రయోగానికి బలయ్యాడు. 627లో రోము నుంచి వచ్చిన బోధకుల్లో ఒకరైన పౌలినస్ ప్రబోధంతో ఎడ్విన్ క్రైస్తవాన్ని స్వీకరించాడు. ఆ ఏడాది ఈస్టర్ నాడు యార్క్ నగరంలో, అప్పటికప్పుడు కట్టిన చెక్క చర్చిలో రాజు జ్ఞానస్నానం పొందాడు. రాజుతోపాటు విశ్వాసంలోకి వచ్చినవారిలో పదమూడేళ్ల హిల్డా కూడా ఉన్నారు.

ముప్పై మూడో ఏట ఆమె సన్యాసం వైపు మళ్లారు. ఆమె సోదరి హెరెస్విత్ గాల్ దేశంలోని (నేటి ఫ్రాన్స్) షెల్ మఠంలో ఉన్నదని బీడ్ రాశారు. తానూ అక్కడికే వెళ్లాలని హిల్డా తూర్పు ఆంగ్లియాలో ఏడాది పాటు వేచి ఉన్నారు. అయితే లిండిస్‌ఫార్న్ బిషప్ ఐడన్ ఆమెను స్వదేశానికి పిలిపించి, వేర్ నది ఒడ్డున ఒక కుటుంబం బతకడానికి సరిపడే భూమిని ఇప్పించారు. ఏడాది తరువాత, సుమారు 649లో, ఆమె హార్టిల్‌పూల్ మఠానికి అధ్యక్షురాలయ్యారు. 655లో పేగన్ రాజు పెండాపై గెలిచిన నార్తంబ్రియా రాజు ఓస్వియు, మొక్కు ప్రకారం తన పసిబిడ్డ ఎల్ఫ్లెడ్‌ను ఆమె చేతుల్లో పెట్టాడు. రెండేళ్లకు పది కుటుంబాల భూమితో విట్బీ మఠం మొదలైంది.

అక్కడ ఎవరికీ సొంత ఆస్తి లేదు. ఉన్నదంతా అందరిదీ. చదువు తప్పనిసరి. ఆ మఠంలో చదువుకున్న బోసా, ఎట్లా, ఓఫ్ట్‌ఫోర్, జాన్, విల్ఫ్రిడ్ అనే ఐదుగురు తరువాతి కాలంలో బిషప్పులయ్యారు. సామాన్యులే కాక రాజులు, రాకుమారులు కూడా ఆమె సలహా కోసం వచ్చేవారనీ, ఎరిగినవారందరూ ఆమెను అమ్మా అని పిలిచేవారనీ బీడ్ చెప్పారు. చర్చి పదవులన్నీ పురుషుల చేతిలో ఉన్న యుగంలో, బిషప్పులను తయారుచేసిన విద్యాలయాన్ని ఒక స్త్రీ నడిపారన్నది గట్టిగా చెప్పుకోవలసిన విషయం.

పశువుల కాపరికి పెట్టిన పరీక్ష

హిల్డా స్వభావాన్ని దగ్గరగా చూపించే ఘట్టం కేడ్మన్ కథలో ఉంది. మఠం పశువులను కాచే కేడ్మన్‌కు పాట రాదు. విందుల్లో వీణ చేతులు మారుతూ తన దగ్గరికి వస్తుందనగానే లేచి వెళ్లిపోయేవాడు. ఒక రాత్రి పశువుల కొట్టంలో పడుకున్నప్పుడు కలలో ఎవరో వచ్చి సృష్టి గురించి పాడమన్నారట. మెలకువ వచ్చాక కూడా కలలో అల్లిన పాట గుర్తుంది. తెల్లవారి పై అధికారికి చెబితే, అతడు కేడ్మన్‌ను నేరుగా హిల్డా దగ్గరికి తీసుకెళ్లాడు.

అప్పుడు ఆమె ఏం చేశారో గమనించాలి. కలను దైవసంకల్పమని వెంటనే ప్రకటించలేదు. చదువురాని మనిషి గొప్పలు చెబుతున్నాడని కసరలేదు. పండితులను పిలిపించి వారి ఎదుట ఆ పాట పాడించారు. ఆ తరువాత, అతనికి అంతకుముందు పరిచయం లేని పవిత్ర గ్రంథ భాగాన్ని చదివి వినిపించి, దీన్ని పాటగా కట్టగలవేమో చూడమన్నారు. కేడ్మన్ ఇంటికి వెళ్లి, మర్నాటి ఉదయానికి పాట కట్టి తెచ్చాడు. ఆ తరువాతే ఆమె అతన్ని మఠంలో చేర్చుకుని, పవిత్ర చరిత్ర అంతా క్రమంగా నేర్పించమని ఆదేశించారు.

ఒకసారి జరిగిందని చెప్పినదాన్ని కొత్త అంశంతో, సాక్షుల ఎదుట మళ్లీ జరిపించి చూడటం పరీక్షకు మూలసూత్రం. హిల్డా ఆధునిక శాస్త్రవేత్త అని దీని అర్థం కాదు. కానీ భక్తి ఉన్నచోట విచారణ ఉండదన్న అపోహను ఈ ఒక్క ఘట్టం సరిదిద్దుతుంది. కేడ్మన్ మొదటి పాట నేటికీ నిలిచింది. పాత ఇంగ్లిష్‌లో మిగిలిన అతి ప్రాచీన పద్యాల్లో అదొకటి. ఎనిమిదో శతాబ్దపు బీడ్ గ్రంథ ప్రతుల్లో అది కనిపిస్తుంది.

చంద్రుడి లెక్క మీద మహాసభ

664లో ఓస్వియు రాజు విట్బీ మఠంలో ఒక సభ జరిపాడు. ఈస్టర్ ఏనాడు జరుపుకోవాలన్నది ముఖ్యమైన తగవు. రాజు ఐర్లండ్ సంప్రదాయంలో పెరిగినవాడు. రాణి ఎయన్‌ఫ్లెడ్ రోము సంప్రదాయాన్ని పాటించేది. రాజు ఉపవాసాలు ముగించి ఈస్టర్ జరుపుకుంటున్న రోజున రాణి, ఆమె పరివారం ఇంకా తపస్సు కాలంలోనే ఉండి మట్టల ఆదివారం జరుపుకున్న సందర్భాలున్నాయి. ఒకే ఇంట్లో ఒకరికి పండుగ, మరొకరికి ఉపవాసం. పండుగ ఏ రోజన్న దానిపై దృగ్గణిత పంచాంగానికీ పూర్వగణిత పంచాంగానికీ మధ్య వచ్చే వాదాలు చూసిన తెలుగువారికి ఈ చిక్కు కొత్తది కాదు.

వసంత విషువత్తు తరువాత వచ్చే పున్నమిని దాటిన ఆదివారం ఈస్టర్ అన్నది స్థూలమైన నియమం. ఇందులో మూడు లెక్కలు కలవాలి: సూర్యుడి సంవత్సరం, చంద్రుడి నెల, ఏడు రోజుల వారం. చాంద్రమాసం సగటున 29.53 రోజులు. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులే కనుక సౌర సంవత్సరానికి పదకొండు రోజులు తక్కువ పడతాయి. ఆ లోటు పూడ్చడానికి అప్పుడప్పుడు ఒక నెల అదనంగా చేర్చాలి. మన పంచాంగంలో అధికమాసం వచ్చేది ఈ కారణంగానే. పంతొమ్మిదేళ్లలో ఏడు అధికమాసాలు చేరిస్తే మొత్తం 235 నెలలవుతాయి, సూర్యచంద్రుల లెక్కలు దాదాపుగా ఒకచోటికి చేరతాయి. గోదావరి తీరంలోనైనా ఉత్తర సముద్ర తీరంలోనైనా ఈ లెక్క ఒకటే, ఎందుకంటే చంద్రుడు ఒక్కడే.

రోము పక్షం అనుసరించినది అలెగ్జాండ్రియా నుంచి వచ్చి, ఆరో శతాబ్దంలో డయొనీసియస్ అనే మఠవాసి లాటిన్‌లోకి తెచ్చిన ఈ పంతొమ్మిదేళ్ల చక్రాన్నే. ఐర్లండ్ పక్షం 84 ఏళ్ల చక్రాన్ని పాటించింది. 84 సంఖ్య 28కి గుణిజం కాబట్టి, జూలియన్ క్యాలెండర్‌లో చక్రం పూర్తయ్యేసరికి వారాలు కూడా మొదటికి వస్తాయి. ఆ సౌకర్యం పంతొమ్మిదేళ్ల చక్రానికి లేదు. వారాలు కూడా కలవాలంటే 19ని 28తో హెచ్చించి 532 ఏళ్లు తీసుకోవాలి.

ఏది ఎంత కచ్చితమో నేడు సులువుగా తేల్చవచ్చు. పంతొమ్మిది జూలియన్ సంవత్సరాలకు 6,939.75 రోజులు, 235 చాంద్రమాసాలకు 6,939.69 రోజులు. పంతొమ్మిదేళ్లకు తేడా గంటన్నర మాత్రమే. ఇది ఒక రోజుకు పెరగడానికి మూడు వందల ఏళ్లకు పైగా పడుతుంది. 84 సంవత్సరాలకు 30,681 రోజులు, ఆ కాలంలో లెక్కకు వచ్చే 1,039 చాంద్రమాసాలకు 30,682.28 రోజులు. ఒక్క చక్రంలోనే దాదాపు 31 గంటల తేడా వచ్చేస్తుంది. విషువత్తును ఐర్లండ్ పక్షం మార్చి 25గా, రోము పక్షం మార్చి 21గా తీసుకున్నాయి. ఆ శతాబ్దంలో అసలు విషువత్తు మార్చి 17, 18 తేదీల ప్రాంతంలో పడేది. రెండూ తప్పే అయినా రోము లెక్కది చిన్న తప్పు. చంద్రుడి 14వ రోజే ఆదివారమైతే ఆనాడే ఈస్టర్ చేయవచ్చని ఐర్లండ్ పక్షం అంటే, 15వ రోజుకు ముందు కూడదని రోము పక్షం అన్నది.

సభలో ఐర్లండ్ పక్షాన లిండిస్‌ఫార్న్ బిషప్ కోల్మన్, రోము పక్షాన విల్ఫ్రిడ్ (విట్బీలో చదువుకున్న విల్ఫ్రిడ్ కాదు, అదే పేరున్న మరొకరు) వాదించారు. బిషప్ చెడ్ రెండు భాషల వారికీ దుబాసీగా ఉన్నారు. హిల్డా, ఆమె మఠవాసులు కోల్మన్ పక్షమని బీడ్ స్పష్టంగా రాశారు. రాజు చివరికి రోము వైపు మొగ్గాడు. అతడిని ఒప్పించినది గణితం కాదు. స్వర్గ ద్వారపు తాళాలు పునీత పేతురు చేతిలో ఉన్నాయన్న మాట అతడిని కదిలించింది. తీర్పు అధికారాన్ని బట్టి వచ్చింది, అయితే మేలైన లెక్క కూడా అటువైపే ఉంది.

ఓడిన కోల్మన్ తన అనుచరులతో ఆ దేశం విడిచి వెళ్లిపోయారు. హిల్డా ఉండిపోయారు. మఠం కొత్త లెక్కను పాటించింది, విద్యాలయం ఆగలేదు. అలాగని ఆమె గెలిచినవారికి తలవంచినదీ లేదు. తరువాతి ఏళ్లలో విల్ఫ్రిడ్ అధికార వివాదం రోముకు చేరినప్పుడు, ఆయనకు వ్యతిరేకంగా హిల్డా పంపిన దూతలు పోప్ ఎదుట నిలిచారు. సభ తీర్మానించిన లెక్కను అంగీకరించడం వేరు, ఆ లెక్క తరఫున వాదించిన వ్యక్తి చేసే ప్రతి పనినీ అంగీకరించడం వేరు. ఆ రెంటినీ విడదీసి చూడగలగడం పరిణతికి గుర్తు.

గ్రహణం సరిదిద్దిన తేదీ

అదే 664లో సూర్యగ్రహణం పట్టిందనీ, దాని వెనుకే మహమ్మారి వచ్చిందనీ బీడ్ రాశారు. గ్రహణం తేదీ మే 3 అన్నారు. ఖగోళ గణితం ప్రకారం ఆ గ్రహణం మే 1న జరిగింది. ఐర్లండ్ మఠాల వార్షిక వృత్తాంతాల్లో కూడా మే నెల మొదటి రోజున చీకటి కమ్మినట్టు నమోదైంది. చూసి రాసినవారి తేదీ సరిపోయింది, బీడ్ తేదీ రెండు రోజులు జరిగింది.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో పంతొమ్మిదేళ్ల పట్టికే సూచిస్తుంది. ఆ పట్టికలో 664 ఈస్టర్ పున్నమి ఏప్రిల్ 17. అక్కడి నుంచి లెక్కిస్తే తరువాతి చాంద్రమాసం మొదటి రోజు సరిగ్గా మే 3 అవుతుంది. సూర్యగ్రహణం అమావాస్య నాడే పడుతుంది కనుక పట్టికలోని తేదీకి గ్రహణాన్ని జరిపి ఉంటారన్న వివరణ సబబుగా ఉంది. పట్టికలో చాంద్రమాసపు తొలిరోజు అసలు అమావాస్య కంటే కాస్త వెనుకగా వస్తుంది. పైగా పట్టిక తయారైననాటి నుంచి గడిచిన మూడు వందల ఏళ్లలో మరో రోజు తేడా పేరుకుంది.

ఇందులో పెద్ద పాఠం ఉంది. విట్బీలో ఓడిన సంప్రదాయం వారు కంటితో చూసినదాన్ని సరిగా నమోదు చేశారు. గెలిచిన సంప్రదాయం మేలైన లెక్క ఇచ్చింది, కానీ ఆ లెక్కను చూసిన సత్యం కంటే మిన్నగా భావించినప్పుడు పొరపాటు దొర్లింది. 1582లో పోప్ పదమూడో గ్రెగరీ క్యాలెండర్‌ను సంస్కరించి పది రోజులు తీసివేయవలసి వచ్చింది కూడా ఇలా పేరుకున్న తేడాల వల్లనే. నేడు తెలుగు కతోలికులు ఈస్టర్ జరుపుకునే తేదీ ఆ సంస్కరణ నుంచి వచ్చినదే.

గ్రహణం వెంట వచ్చిన మహమ్మారి దుబాసీగా ఉన్న చెడ్‌ను కూడా బలిగొన్నది. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని ఎడిక్స్ హిల్ శ్మశానంలో దొరికిన ఆరో శతాబ్దపు ఎముకల్లో ప్లేగు క్రిమి డీఎన్ఏను పరిశోధకులు 2019లో వెల్లడించారు. అంటే హిల్డాకు ముందు శతాబ్దంలోనే ప్లేగు ఆ దీవికి చేరింది, 664 నాటి మహమ్మారి కూడా అదే అయి ఉండవచ్చు.

మట్టి ఇచ్చిన సాక్ష్యం

నేడు విట్బీ కొండ మీద కనిపించే ఎత్తైన రాతి శిథిలాలు హిల్డా కాలానివి కావు. ఆమె మఠం తొమ్మిదో శతాబ్దంలో, డేన్‌ల దాడుల కాలంలో అంతరించింది. నార్మన్ యుగంలో తిరిగి మొదలైన మఠపు కట్టడాలివి. అయితే 1920లలో జరిగిన తవ్వకాల్లో వాటి పక్కన నేలలోంచి తొలి మఠపు వస్తువులు బయటపడ్డాయి. మైనపు పలకల మీద రాసే లోహపు గంటాలు, పుస్తకాల అట్టలకు బిగించే అలంకార లోహపు ముక్కలు, మగ్గాలకు కట్టే బరువులు, దుస్తులకు గుచ్చే సూదులు, నాణేలు దొరికాయి. అక్కడ రాత, నేత పక్కపక్కనే సాగాయి. చదువు తప్పనిసరి అన్న బీడ్ మాటకు ఆ గంటాలే రుజువు.

హార్టిల్‌పూల్‌లో దొరికినవి మరింత ఆత్మీయమైనవి. 1833లో ఇళ్లకు పునాదులు తీస్తుండగా పాత సమాధులు బయటపడ్డాయి. వాటితో పాటు చిన్న రాతి పలకలు దొరికాయి. ఒక్కో పలక మీద ఒక శిలువ, శిలువ చేతుల మధ్య పేర్లు. కొన్ని రూన్ లిపిలో, కొన్ని లాటిన్ లిపిలో. హిల్డిత్రుత్, హిల్డిగిత్ వంటి స్త్రీల పేర్లు అక్కడ చదవగలిగారు. రాజుల చరిత్రలో చోటు దొరకని స్త్రీలకు తమ పేరు చెక్కిన రాయి దక్కింది. హిల్డా ఒకప్పుడు నడిపిన మఠం తనవారి పేర్లకు ఇచ్చిన విలువ అది.

రాతిలో చుట్టలు

విట్బీ కొండచరియల్లో చుట్టచుట్టుకున్న రాళ్లు దొరుకుతాయి. మఠం కట్టేముందు హిల్డా అక్కడి పాములను రాళ్లుగా మార్చారని తరువాతి కాలంలో ఐతిహ్యం పుట్టింది. బీడ్ గ్రంథంలో ఈ కథ లేదు. పాములకు తలలు ఎందుకు లేవన్న ప్రశ్నకు కూడా కథలోనే జవాబు చేర్చారు. వ్యాపారులైతే ఏకంగా ఆ రాళ్లకు కళ్లు, నోరు చెక్కి అమ్మారు. విట్బీ పట్టణ చిహ్నంలో మూడు పాము చుట్టలు నేటికీ ఉన్నాయి.

అవి అమ్మోనైట్ల శిలాజాలు. నత్త పెంకులా చుట్టుకున్న గుల్లలో నివసించిన ఈ సముద్ర జీవులు ఆక్టోపస్, స్క్విడ్‌లకు బంధువులు. విట్బీ మడ్‌స్టోన్ అనే శిలాస్తరం సుమారు 18 కోట్ల ఏళ్ల నాటిది. అక్కడ విరివిగా దొరికే డాక్టిలియోసెరస్ గుల్లను చేతిలోకి తీసుకుంటే పాము కథ ఎలా పుట్టిందో అర్థమవుతుంది. చుట్టలన్నీ ఒకదాని పక్కన ఒకటి బయటికే కనిపిస్తాయి, ఒకదానిలో ఒకటి దాగవు. ప్రతి చుట్ట మీదా అడ్డంగా దగ్గరదగ్గరగా గట్లు ఉంటాయి. వెలుపలి అంచుకు చేరేసరికి ఆ గట్లు రెండుగా చీలతాయి. ఇటువంటి రాళ్లు ఒకప్పటి జీవుల గుల్లలేనని రాబర్ట్ హుక్ 1665లోనే వాదించారు. విట్బీ సభ జరిగి అప్పటికి వెయ్యిన్నొక్క ఏళ్లు. 1867లో ఆల్ఫియస్ హయట్ ఒక అమ్మోనైట్ ప్రజాతికి హిల్డోసెరస్ అని పేరు పెట్టారు. కథను కాదన్న శాస్త్రమే ఆమె పేరును శాశ్వతంగా తన పట్టికలో రాసుకుంది.

నేపాల్‌లోని గండకీ నది నుంచి మన పూజామందిరాలకు చేరిన సాలగ్రామాలు కూడా అమ్మోనైట్లే. ఆ చుట్టలో మనవారు విష్ణుచక్రాన్ని దర్శించారు, విట్బీవారు పామును చూశారు. రెండు జాతులూ రాతిలోని క్రమానికి ఆశ్చర్యపోయి, తమ విశ్వాసంలో దానికి చోటిచ్చాయి. ఆ ఆశ్చర్యాన్ని గౌరవించాలి. పరిశోధనకు మొదటి మెట్టు అదే.

ఆమె మిగిల్చినది

చివరి ఆరేళ్లు హిల్డా జ్వరంతో బాధపడ్డారు. అయినా దేవునికి కృతజ్ఞత చెప్పడం, మఠవాసులకు బోధించడం మానలేదు. 680 నవంబర్ 17న, అరవై ఆరో ఏట కన్నుమూశారు. పసిబిడ్డగా ఆమె చేతికొచ్చిన ఎల్ఫ్లెడ్, ఆమె తల్లి రాణి ఎయన్‌ఫ్లెడ్ తరువాత మఠాన్ని నడిపించారు. ఎనిమిదో శతాబ్దం తొలినాళ్లలో అక్కడే ఒక మఠవాసి పోప్ మొదటి గ్రెగరీ జీవితచరిత్ర రాశారు. ఆ మహనీయుడిపై వచ్చిన తొలి చరిత్ర అదే. స్థాపకురాలు పోయాక కూడా విద్యాలయం నిలిచిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

విజ్ఞానశాస్త్ర చరిత్రను మనం ఎక్కువగా కనిపెట్టినవారి పేర్లతో రాసుకుంటాం. హిల్డా ఏ సూత్రాన్నీ కనిపెట్టలేదు. చంద్రుడి లెక్క మీద రాజులు, బిషప్పులు వాదించుకోవడానికి ఆమె మఠం వేదికైంది. పశువుల కాపరి మాటను పండితుల ముందు పరీక్షించే మర్యాద అక్కడ ఉంది. ఓడిన పక్షంలో ఉండి కూడా చదువును ఆగనివ్వని ధైర్యం ఆమెది. జ్ఞానం పెరగడానికి మేధావులు ఎంత అవసరమో, అటువంటి చోటును కట్టి నిలబెట్టేవారూ అంతే అవసరం. మన ఊళ్లలో బడులు, గ్రంథాలయాలు, వసతి గృహాలు నడిపిన స్త్రీల పేర్లను కూడా ఆ చరిత్రలో చేర్చవలసిన బాధ్యత మన మీద ఉంది.